చింతాడలంక ట్రిపుల్ ఆప్షన్

చింతాడలంక ఇంజనీరింగ్ కాలేజీలోకి అమెరికన్ ఫుట్‌బాల్ ఒక సర్క్యులర్ ద్వారా ప్రవేశించింది. గోదావరికి వరదొస్తే ముందుగా మైకులోనైనా చెబుతారు. దీనికి ఆపాటి హెచ్చరిక కూడా లేదు.

కాలేజీలకు గ్రేడులిచ్చే పెద్ద సంఘంవారు "జిల్లాలోని ఇతర కళాశాలలయందు ఆడబడని క్రీడను ప్రోత్సహించు సంస్థలకు అదనపు పాయింట్లు కేటాయించబడును" అని ఒక్క వాక్యం రాసి పంపారు. రాసినాయన ఆ సాయంత్రానికే దాన్ని మర్చిపోయి ఉంటాడు. అందుకున్నవాళ్ళకి మాత్రం అది వేదమైపోయింది.

కరస్పాండెంటు సాగి రామభద్రరాజు గారు రొయ్యల చెరువుల్లో సంపాదించి చదువుల్లోకి దిగిన మనిషి. రొయ్యకి వేళకి మేత వేసి, నీళ్ళల్లో గాలి ఆడేట్టు చూసుకుంటే బరువు అదే తూగుతుందని, విద్యార్థి సంగతీ అంతేనని ఆయన నమ్మకం. స్వతహాగా మంచివాడే. పాయింట్లనే మాట చెవిన పడితే మాత్రం కాలు నిలవదు. ప్రిన్సిపాలు డాక్టర్ ఓలేటి చయనులు గారిది మరో తీరు. ఆయన మాట్లాడుతుంటే ఎవరో పక్కనుంచి జీవో చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కాఫీ కావాలన్నా "తగు చర్య నిమిత్తం" అంటారని స్టాఫ్‌రూములో చెప్పుకునేవారు. మూడో మనిషి ఫిజికల్ డైరెక్టరు గుత్తుల ఏడుకొండలు. పిల్లలకీ పెద్దలకీ ఆయన పీడీ గారు. ఈ వ్యవహారంలో పోగొట్టుకోడానికి ఏమైనా ఉన్నది ఈయనొక్కడికే గనుక ఈయన గురించి రెండు ముక్కలు ఎక్కువ చెప్పుకోవాలి.

ఏడుకొండలుకి కబడ్డీ అంటే ప్రాణం. హాస్టలు వెనక జాగాలో ఏటి ఇసుక, ఒండ్రు, కొబ్బరిపొట్టు కలిపి తొక్కించి ఒక కోర్టు తయారుచేసుకున్నాడు. దానిమీద ఎంత జోరుగా పడ్డా మోకాలు చెక్కుకుపోదు. ఎండాకాలం దానికి పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చల్లించేవాడు. చెప్పులతో తొక్కితే ప్రిన్సిపాలునైనా సరే, వెనక్కి పంపేవాడు. ఆ కోర్టు మీద తయారైన పిల్లలు యూనివర్సిటీ పోటీలకెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చిన దాఖలా లేదు. ఏం లాభం, కబడ్డీకి పాయింట్లు లేవు. జిల్లాలో ప్రతి కాలేజీ కబడ్డీ ఆడుతుంది.

ఎవరూ ఆడని ఆట ఏమిటా అని కరస్పాండెంటు గదిలో సమావేశం పెట్టారు. క్రికెట్టు, వాలీబాలు, ఖోఖో అన్నీ కొట్టేశారు. కంప్యూటరు ముందు కూర్చున్న ప్రిన్సిపాలు గారు అమెరికన్ ఫుట్‌బాల్ దగ్గర ఆగి, ఇది మన జిల్లాలోనే కాదు, చుట్టుపక్కల ఏ జిల్లాలోనూ లేదని సంతోషంగా ప్రకటించారు. ఫుట్‌బాల్ మనకి తెలిసిందే కదండీ, కాలితో తన్నేది అని ఏడుకొండలు అన్నాడు. అది వేరని, ఇది చేత్తో పట్టుకుని పరిగెత్తేదని ప్రిన్సిపాలు గారు చెప్పారు. మరి చేత్తో పట్టుకునేదానికి ఫుట్‌బాలని పేరేమిటని ఏడుకొండలు అడిగాడు.

"నామకరణము మన పరిధిలోని అంశము కాదు" అన్నారు ప్రిన్సిపాలు గారు.

ఆ ఆటకి చాలా పొడుగాటి మైదానం కావాలట. కాలేజీలో అంత చదునైన జాగా ఎక్కడుందో కొలిస్తే ఒక చివర కార్లు పెట్టుకునే షెడ్డు వచ్చింది, రెండో చివర కబడ్డీ కోర్టు వచ్చింది. కార్ల షెడ్డు జోలికి పోరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. అంటే పోయేది తన కోర్టేనని ఏడుకొండలుకి అర్థమైంది. సమావేశం ముగిశాక ఆయన వెనకబడి, రాజుగారి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"గ్రౌండంతా తీసేసుకోండి రాజుగారండి. నా కోర్టొక్కటీ ఒగ్గేయండి. పిల్లలు దానిమీదే పెరిగారండి."

రాజుగారి మనసు కొంచెం కరిగింది. "ఒగ్గేత్తాను గానీ పీడీ, ముందు పాయింట్లు రానియ్యి. ఈ ఫుట్‌బాలో ఏదో, అందులో ఒక్క మ్యాచీ గెలిపించు. ఆ మర్నాడే నీ కోర్టు నీకిచ్చేత్తాను. మాట తప్పితే నేను సాగి వారి బిడ్డనే కాను" అన్నాడు.

మర్నాడు లారీలో పచ్చగడ్డి చాపలు దిగాయి. కోర్టు మీద వాటిని పరుస్తుంటే ఏడుకొండలు అటు చూడలేక ఎన్నడూ వెళ్ళని లైబ్రరీకెళ్ళి కూర్చున్నాడు.

హైదరాబాదు నుంచి కోచ్ వచ్చాడు. పేరు ప్రణీత్. ఇంటర్నెట్‌లో కోర్సు చదివి సర్టిఫికెట్టు సంపాదించిన కుర్రాడు. మెడలో రెండు ఈలలు, ఒకటి పని చేయకపోతే రెండోది. వాడితోపాటు ఒకే ఒక్క బంతి వచ్చింది. రెండు కొసలూ కూచిగా ఉన్న ఆ బంతిని కుడిపూడి మణికంఠ తిప్పి తిప్పి చూశాడు. మణికంఠ కబడ్డీ టీములో పేరున్న రైడరు. కబడ్డీ కబడ్డీ అని కూతకెళ్తే ముట్టుకోకుండా తిరిగిరాడు. "ఒలవని కొబ్బరికాయలా ఉందండి" అని వాడు తేల్చేశాడు. మొదటి రోజునే ఎవడో ఉత్సాహం కొద్దీ దాన్ని తంతే గోదావరి పాయలో పడి సముద్రం దారి పట్టింది. కొత్తది రావడానికి నెలలు పడుతుందన్నారు. ఆనాటి నుంచి ఒలవని కొబ్బరికాయతోనే ఆట సాగింది. కోనసీమలో దానికి కరువేమిటి? ప్రిన్సిపాలు గారు దాన్ని "స్థానిక వనరుల వినియోగం" అన్న శీర్షిక కింద చేర్చి ఇంకో పాయింటు రాబట్టారు. తలలకి స్టాఫు మోటారుసైకిళ్ళ హెల్మెట్లు, భుజాలకి పాత బస్సు సీట్లలోంచి పీకిన స్పాంజి. పిల్లలు అలా తయారై బయటికొస్తే హాస్టలు కుక్కలు మూడ్రోజులు అన్నం ముట్టలేదు.

ప్రణీత్ బోర్డు మీద సున్నాలూ ఇంటూ గుర్తులూ వేసి తన పద్ధతి చెప్పాడు. వినడానికి ఉపసంఘమంతా వచ్చి కూర్చుంది. ఉపసంఘమంటే రాజుగారు, ప్రిన్సిపాలు గారే. వారిద్దరూ కలిసి కూర్చుంటే "క్రీడావ్యూహ పర్యవేక్షక ఉపసంఘం" అవుతుంది, విడివిడిగా ఉంటే కాదు.

"మనం ముందుగా ఏదీ డిసైడ్ చెయ్యం సార్. బాల్ పట్టుకున్నోడు పరిగెడుతూ ఎదుటి టీమ్‌లో చివర ఉన్నోణ్ణే చూస్తుంటాడు. వాడు మీదికొస్తే బాల్ పక్కోడికి విసిరేస్తాడు. వాడు పక్కోడి మీదికి పోతే తనే ఉంచుకుంటాడు. వాడు ఎటూ తేల్చుకోలేకపోతే మధ్యలోంచి దూరేవాడికి ఇచ్చేస్తాడు. ఇవ్వు, ఉంచుకో, విసురు. దీన్నే ట్రిపుల్ ఆప్షన్ అంటారు."

ప్రిన్సిపాలు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఫైలు వస్తే కిందివారికి ఇవ్వడం, తన దగ్గరే ఉంచుకోవడం, లేదా యూనివర్సిటీ మీదికి విసరడం, ఎదుటివారు ఏం చేస్తారో చూసేదాకా ఏమీ నిర్ణయించకపోవడం, ఇన్నేళ్ళుగా తాను చేస్తున్నది ఇదేనని, దానికి ఇంత చక్కటి పేరుందని ఈనాడే తెలిసిందని గద్గద స్వరంతో చెప్పారు.

ఇంతలో ఇంకో సర్క్యులర్ దిగింది. సదరు అరుదైన క్రీడలో జిల్లాలోని మరో కళాశాలతో పోటీపడినట్లు రుజువులు జతపరచాలట. జిల్లాలో ఎవరూ ఆడని ఆటని జిల్లాలో మరొకరితో ఆడాలి. ఎవరైనా బెంబేలెత్తేవాళ్ళే. ప్రిన్సిపాలు గారు మాత్రం చిరునవ్వు నవ్వి పాయ అవతల వెలగలంక ఇంజనీరింగ్ కాలేజీని చూపించారు. ఆ కాలేజీ గేటు పక్క జిల్లాలో ఉంది, వెనక గోడ మన జిల్లాలో ఉంది. ఆట అరుదైనదని రాసేటప్పుడు గేటు లెక్కలోకి వస్తుంది, పోటీ జరిగిందని రాసేటప్పుడు వెనక గోడ లెక్కలోకి వస్తుంది. వెలగలంక వారికీ ఈ లెక్క నచ్చింది. వారం తిరక్కుండా వాళ్ళూ హెల్మెట్లు పెట్టుకున్నారు.

మొదటి మ్యాచిలో చింతాడలంక ఓడింది. మణికంఠ ఎదుటి చివరివాణ్ణి చూస్తూ పరిగెత్తి, వాడి వెనకున్న కొబ్బరిచెట్టుని చూసుకోలేదు. ఉపసంఘం వెంటనే సమావేశమై, ఓటమి సంభవించిన గంటలోగా కోచ్‌ని మార్చవలెనని నిబంధన చేసి, అక్కడికక్కడే అమలుపరిచింది. పాపం ప్రణీత్ పెట్టె సర్దుకుని ఏరు దాటించే పంటు ఎక్కాడు. అవతలి ఒడ్డున వెలగలంక వారు దండతో కాచుకున్నారు. మన వ్యూహం తెలిసినవాడు కదా, వాళ్ళకి కావాలి. వాళ్ళ కోచ్ అప్పటికే ఇటొచ్చే పంటులో ఉన్నాడు. గెలిచినవాణ్ణి మనవాళ్ళు లాక్కున్నారు. ఏటి మధ్యలో రెండు పంటులూ ఎదురైనప్పుడు కోచ్‌లిద్దరూ చేతులూపుకున్నారు.

ఇక ఆ రేవులో రాకపోకలకి అంతు లేకుండా పోయింది. ఒక మ్యాచి వీళ్ళు ఓడితే ఒక మ్యాచి వానకి ఆగిపోయేది. ఆగిపోవడాన్ని కూడా ఓటమి కిందే జమకట్టి ఇరుపక్కలా కోచ్‌లని మార్చేవారు. ఏ కోచ్ ఏ ఒడ్డువాడో పంటు నడిపే సరంగుకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. వచ్చిన ప్రతివాడూ ఆప్షన్ గొప్పదే గానీ పోయినవాడికి అది సరిగా రాదని అనేవాడు. ఒకడు చూపు చివరివాడి మీద కాదు, వాడి బొటనవేలి మీద ఉండాలన్నాడు. ఇంకొకడు మన మొహంలో ఏ భావమూ కనబడకూడదన్నాడు. వాడి హయాంలో పిల్లలు మెస్సులో కూడా భావం లేకుండా తిన్నారు. ఏడుకొండలు ఇవన్నీ భరించాడు. ఒక్క గెలుపు చాలు. ఎవడి పద్ధతితో వస్తే ఏమి, గడ్డి చాపల కింద కోర్టు బతికే ఉందని, తడి తగలక ఎండిపోతోందని ఆయన బెంగ.

గెలుపు రాలేదు, ఆప్షన్ మాత్రం కాలేజీ అంతా పాకింది. ఆటగాడికి మూడు దారులు మంచివైతే సంస్థకి మంచివి కావా అని ప్రిన్సిపాలు గారు ప్రశ్నించి, మంచివేనని తానే జవాబిచ్చి, అన్ని విభాగాలకూ ఉత్తర్వు పంపారు. దాంతో లెక్చరర్లు మూడేసి సబ్జెక్టుల పుస్తకాలు పట్టుకుని క్లాసుకొచ్చి, ముందు బెంచీవాడి మొహం చూసి ఏది చెప్పాలో తేల్చుకోవడం మొదలెట్టారు. ముందు బెంచీవాడు లెక్చరరు చేతిలో ఏ పుస్తకం కదిలితే ఆ నోట్సు తీద్దామని ఎదురుచూసేవాడు. అంతలో గంట కొట్టేవారు. క్యాంటీన్లో పొయ్యిమీద ఇడ్లీ, ఉప్మా, పూరీ మూడింటికీ నీళ్ళూ నూనే కాగుతూ ఉండేవి, తినేవాడు ఏది అడుగుతాడో చూసి మిగతా రెండింట్లో ఒకటి వడ్డించేవారు. కాలేజీ బస్సు మూడు రోడ్ల కూడలిలో ఆగి ఎదురుగా వచ్చే వాహనం ఎటు తిరుగుతుందోనని చూసేది. ఎదుట వచ్చింది వెలగలంక కాలేజీ బస్సయిన రోజున రెండు బస్సులూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి. ఇంటికెళ్తే ఏడుకొండలు భార్య నాగరత్నం కూడా, ఇవాళ కూరేంటని అడిగితే, "మీ మొహం ఎలా ఉందో చూసి చెబుతాను" అంది. ఆమె మామూలుగానే అందేమో, ఆయనకి మాత్రం ఒళ్ళు జలదరించింది.

ఇంతలో కబురొచ్చింది. గ్రేడు సంఘం పరిశీలకులు స్వయంగా వచ్చి చింతాడలంక-వెలగలంక మ్యాచి చూస్తారట. కాలేజీ రాత తేలేది ఆ రోజే. మ్యాచి పోతే ఫుట్‌బాల్ మైదానాన్ని సిమెంటు చేయించి దాని మీద ఇండోర్ స్టేడియం కడదామని రాజుగారు అనడం ఏడుకొండలు చెవులారా విన్నాడు. అంటే కోర్టు ఇక లేనట్టే.

ఓటమికి తావు లేకుండా ఉపసంఘం ఆఖరి అస్త్రం తీసింది. ఓడాక కోచ్‌ని మార్చడం వల్ల ప్రయోజనమేముంది, ఓడకముందే మార్చాలి. కనుక ఒక కోచ్ కాదు, ముగ్గురు కోచ్‌లు బెంచీ మీద సిద్ధంగా ఉంటారు. ఎవరి భుజం మీద తెల్ల తువ్వాలు ఉంటే ఆ క్షణానికి వారు కోచ్. ఆట తీరు చూసి ఉపసంఘం తువ్వాలుని ఒకరికి ఇవ్వడమో, ఉన్నవారి దగ్గర ఉంచడమో, మరొకరికి విసరడమో చేస్తుంది. ఆ ముగ్గురిలో ప్రణీత్ కూడా ఉన్నాడు. పంటులో వచ్చీపోయీ వాడికి కాస్త ఈత కూడా వచ్చింది. తువ్వాలు మోసే పని ఏడుకొండలుది.

మ్యాచి రోజు రెండు లంకల జనమూ గట్టు మీద చేరారు. పరిశీలకులు పందిట్లో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. రిఫరీగా వెలగలంక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన్ని పిలిచారు. ఆయనకి తెలిసిన ఆట కబడ్డీ ఒక్కటే, అయినా ఈల బాగా ఊదుతాడు. మణికంఠ కొబ్బరికాయ చంకన పెట్టుకుని సున్నం గీత దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా వెలగలంక పిల్లలు. ఈల మోగింది.

మణికంఠ ఎదుటి చివరివాణ్ణి చూశాడు. వాడు మణికంఠని చూశాడు. తను కదిలితే ఎదుటివాడికి ఏదో ఒక ఆప్షన్ దొరికిపోతుందని, కదలొద్దని వాడికి నేర్పించారు. నేర్పించింది ఎవరు? ఇటునుంచి వెళ్ళిన మన కోచ్‌లే. వాడు కదిలేదాకా కదలొద్దని మణికంఠకి నేర్పించింది అటునుంచి వచ్చిన వాళ్ళ కోచ్‌లు. ఇన్నాళ్ళ శిక్షణా ఒక్కసారి ఫలించింది. మైదానంలో ఒక్క ప్రాణి కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. హెల్మెట్లలోంచి చెమట ధారలు కట్టింది. పరిశీలకుల్లో ఒకాయన "క్రమశిక్షణ అమోఘం" అని రాసుకున్నారు.

రాజుగారికి ఓపిక పోయింది. తువ్వాలు విసిరేయమన్నాడు. మొదటి కోచ్ భుజం మీదనుంచి ఏడుకొండలు దాన్ని తీసి రెండోవాడి ముందు పట్టుకున్నాడు. రెండోవాడు మూడోవాడు ఏం చేస్తాడోనని చూశాడు. మూడోవాడైన ప్రణీత్ మొదటివాణ్ణి చూశాడు. ఎవడూ చెయ్యి చాపలేదు. తువ్వాలు ఏడుకొండలు చేతిలోనే ఉండిపోయింది. ప్రిన్సిపాలు గారు నిబంధన తిరగేసి, తువ్వాలు ఎవరి అధీనమందున్నదో వారే కోచ్‌గా పరిగణింపబడుదురని తీర్పు చెప్పారు. అలా ఏడుకొండలు, తనకి ఓనమాలు కూడా తెలియని ఆటకి, కోచ్ అయ్యాడు. ఆయన చేసిందల్లా నోరు తెరిచి నిలబడడమే.

అప్పుడు జరిగింది ఆ సంగతి. ఎంతసేపని నిలబడతారు? వెలగలంక పిల్లలూ గోదావరి పిల్లలే. ఎదుట గీత ఉంది, గీత మీద ఒక్కడు ఒంటరిగా ఉన్నాడు, అలా చూస్తూ చూస్తూ వాళ్ళకి తెలియకుండానే నడుములు వంగాయి, ఒకడి చెయ్యి ఇంకొకడి చేతిలోకి వెళ్ళి గొలుసు కట్టేశారు. ఆ గొలుసు కంటపడేసరికి మణికంఠ బుర్రలోంచి ఆప్షన్లు మూడూ ఎగిరిపోయాయి. వాడి ఛాతీ నిండింది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడు. కొబ్బరికాయ చంకనే ఉంది. కాలితో ఒకణ్ణి, మోచేత్తో ఇంకొకణ్ణి ముట్టుకుని, పట్టబోయిన వాడి మీదనుంచి ఎగిరి, కూత తెగకుండా వెనక్కొచ్చి తన గీత తొక్కాడు. డ్రిల్లు మాస్టారు ఈల ఊది రెండు వేళ్ళు చూపించారు. ముట్టించుకున్న ఇద్దరూ చెయ్యెత్తి, బుద్ధిగా నడుచుకుంటూ వెళ్ళి మైదానం బయట కూర్చున్నారు.

గట్టు మీద జనం ఒక్కసారిగా గోలపెట్టారు. ఇన్నాళ్ళకి వాళ్ళకి అర్థమయ్యేది ఒకటి జరిగింది. మనల్ని చూసి వెలగలంక వారూ పెట్టుకున్న ముగ్గురు కోచ్‌లు లేచారు గానీ, అభ్యంతరం ముందుగా ఎవరు చెబుతారోనని ఒకరినొకరు చూసుకుంటూ ఆగిపోయారు. ఇది నియమాల్లో ఉందా అని పరిశీలకులు అడిగితే, "ఇది నాల్గవ ఆప్షన్" అని ప్రిన్సిపాలు గారు తడుముకోకుండా చెప్పారు.

మణికంఠ మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ముట్టుకున్నాడు. మళ్ళీ వచ్చాడు. ఒక్కొక్కరే వెలగలంక పిల్లలు లేచిపోయి గట్టున కూర్చుంటున్నారు. చివరికి అవతలి సగం ఖాళీ అయింది. అడ్డం ఒక్కడు లేడు. దూరాన సున్నపు గీత, దాన్ని దాటి కొబ్బరికాయ పెట్టేస్తే గెలుపు. మణికంఠ కూత పెట్టి వెళ్ళాడు, ముట్టుకోడానికి ఎవరూ లేకపోయేసరికి సగం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఏడుకొండలు ఇక ఆగలేకపోయాడు. గీత దాకా పరిగెత్తాడు.

"ఒరే, తిరిగిరాకు. ఈసారెళ్ళి అక్కడే ఉండిపో."

"రాకపోతే ఔటైపోతాం కదండి" అన్నాడు మణికంఠ అయోమయంగా. "ముట్టుకో, తిరిగిరా అని మీరే కదండీ చెప్పారు."

చెప్పాడు. అన్నేళ్ళూ చెప్పింది ఆ ఒక్క ముక్కే. చీకటి పడేదాకా ఆ కోర్టు మీద ఈ పిల్లడి చేత అదే చేయించాడు. ఇప్పుడు ఆ నోటితోనే తిరిగి రావద్దని చెప్పాల్సొచ్చింది. "కోర్టు కోసం రా నాయనా" అన్నాడు. "ఈ ఒక్కసారికీ రాకు." మణికంఠ ఆయన మొహం చూసి కూత పెట్టాడు. సగం దాటాడు. వాడి కాళ్ళు వెనక్కి లాగడం గట్టు మీద వాళ్ళక్కూడా కనబడింది. అయినా వెళ్ళాడు. సున్నపు గీత దాటి, కొబ్బరికాయని పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి, తప్పు చేసినవాడిలా తల వంచుకుని అక్కడే నిలబడ్డాడు.

చింతాడలంక గెలిచింది. రాజుగారు పందిట్లోంచి పరిగెత్తుకొచ్చి ఏడుకొండలుని అమాంతం ఎత్తేశాడు. పరిశీలకులు పాయింట్లు గుమ్మరించారు. సాగి వారి బిడ్డ మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆ మేరకు గడ్డి చాపలు లేపించి, కోర్టుకి నీళ్ళు చల్లించాడు. ఏడుకొండలు చెప్పులు విడిచి దాని మీద కాలు పెట్టి, చల్లదనం అరికాళ్ళకి తగిలి, అలా నవ్వుతూ ఉండగా ప్రిన్సిపాలు గారు ఉత్తర్వు పట్టుకొచ్చి చదివారు.

"కబడ్డీ కోర్టు ఇందుమూలముగా పునరుద్ధరించడమైనది. ఫుట్‌బాల్‌నందు అపూర్వ విజయము సాధించిన శ్రీ గుత్తుల ఏడుకొండలు గారిని ఎట్టి పరిస్థితులలోను మార్చుటకు వీలులేని ఫుట్‌బాల్ కోచ్‌గా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. తత్కారణముగా ఖాళీ అయిన కబడ్డీ కోచ్ పదవిని, ఆధునికీకరణ నిమిత్తం, శ్రీ ప్రణీత్ గారికి అప్పగించడమైనది."

రాజుగారు పక్కనే నిలబడి, ఎంత మేలు చేశానో చూశావా అన్నట్టు మొహం వెలిగించుకున్నాడు. ఆ సాయంత్రం అవతల కోర్టు మీద, కబడ్డీకి కొత్తగా చేర్చుకున్న పిల్లలు వరసకట్టారు. ప్రణీత్ బోర్డు మీద సున్నాలూ ఇంటూలూ వేశాడు. రైడరు గీత మీద నిలబడి, ఎదుటి చివరివాణ్ణి చూస్తూ, అతను కదిలేదాకా కదలకుండా, కూత మాత్రం పెట్టి, ఊపిరంతా అక్కడే అయిపోయి ఔటయ్యాడు. తర్వాతవాడూ అంతే. ప్రణీత్ బాగుందన్నాడు.

ఏడుకొండలు ఫుట్‌బాల్ మైదానం మధ్యలో నిలబడి అదంతా చూశాడు. ఆయన చుట్టూ హెల్మెట్లూ స్పాంజి భుజాలతో మణికంఠా మిగతావాళ్ళూ, అంటే తన పాత కబడ్డీ పిల్లలందరూ, ఏం చేయాలో చెప్పమని ఎదురుచూస్తున్నారు. ఆయన కొబ్బరికాయ తీసుకెళ్ళి గట్టున పెట్టి, సున్నం డబ్బా తెప్పించి, గడ్డి మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. మధ్య గీత, బోనస్ గీత, చివరి గీత. పిల్లలు ముందు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, తర్వాత ఒకడు పక్కున నవ్వాడు, ఆ నవ్వు అందరికీ అంటుకుంది. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలు గారు తనిఖీకి అటు వచ్చారు.

"ఏమిటి ఈ రేఖలు?" అన్నారు.

"అధునాతన ఫుట్‌బాలండి" అన్నాడు ఏడుకొండలు. "నిన్న గెలిపించిన పద్ధతేనండి."

ప్రిన్సిపాలు గారు తృప్తిగా తలూపారు. నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగారు. పరిశీలకులు ఎప్పుడైనా రావచ్చునని, ఫుట్‌బాల్ మైదానంలో వేరొక క్రీడ పేరు ఉచ్చరించడం గ్రేడు దృష్ట్యా ప్రమాదకరమని, కనుక ఆటగాళ్ళు తగు మార్పు చేసుకోవలెనని చెప్పి వెళ్ళిపోయారు. ఏడుకొండలు మణికంఠ వంక చూశాడు. వాడికి విషయం అర్థమైంది. హెల్మెట్టు సర్దుకుని, గుండె నిండా గాలి పీల్చుకుని, మధ్య గీత దాటాడు.

"ఫుట్‌బాల్ ఫుట్‌బాల్ ఫుట్‌బాల్ ఫుట్‌బాల్..."

కూత తెగకుండా ఇద్దర్ని ముట్టుకుని, తిరిగి వచ్చేశాడు.